ప్రేవు పని మానినపుడు

క్రిందటి వేసవిలో ఒకనాడు ప్రయోగశాలలో పని ముగిసిన పిమ్మట మా విద్యార్థి యొకడు వెనుకకు నిలిచి నన్నొక ప్రశ్న అడిగినాడు. వాని తండ్రి విశాఖపట్టణము రేవులో చాలకాలము కళాసీగా పనిచేసినవాడు. కడుపులోని రక్తనాళ మొకటి గడ్డకట్టి మూసికొనిపోవుటచేత ప్రేవు చచ్చుబడగా, శస్త్రవైద్యులు దానిలో చాల భాగమును కోసి తీసివేసిరి. మిగిలిన ప్రేవు మొనను పొట్టమీదికి తెచ్చి, దానికొక సంచి తగిలించి, ఇంటికి పంపిరి.

"మాస్టారూ, మా నాన్న రోజంతా నీళ్లు తాగుతూనే ఉన్నాడండి. కొబ్బరిబోండాలు కూడా ఇస్తన్నాం. తాగినకొద్దీ సంచీ నిండిపోతంది గాని నాలిక మాత్రం ఎండిపోతంది. ఇదెక్కడి దాహమండీ?" అని వాడు అడిగెను.

నేను రసాయనశాస్త్రము బోధించువాడను, వైద్యుడను కాను. ఈ సంగతి ఆనాడే డాక్టరుగారికి చెప్పుమని మాత్రము చెప్పి పంపితిని. తరువాత పుస్తకములు తిరుగవేసి చూడగా, ఆ వ్యాధి యొక్క కీలకము చాలవరకు ఆ ప్రశ్నలోనే ఇమిడియున్నట్లు తెలిసినది. ఆ మనిషి నీళ్ళు త్రాగకపోవుటచేత కాదు, త్రాగుటచేతనే ఎండిపోవుచుండెను.

గుండె విఫలమగుట, మూత్రపిండములు విఫలమగుట, కాలేయము చెడుట మనము తరచు వినుచున్న మాటలే. ప్రేవు కూడ ఒక అవయవమే యనియు, అదియు అట్లే విఫలము కాగలదనియు మనకు అంతగా తట్టదు. వైద్యులు సైతము 'ఆంత్ర వైఫల్యము' అను మాటను 1981 తరువాతనే విరివిగా వాడసాగిరి. నోటితో తీసికొన్న ఆహారమునుండి కాని నీటినుండి కాని లవణములనుండి కాని, ప్రాణము నిలుచుటకు కావలసిన కనీస పరిమాణమును గ్రహించు శక్తి ప్రేవునకు లేనపుడు, ఆ లోటును సిరద్వారా పూరింపవలసి వచ్చినచో దానిని ఆంత్ర వైఫల్యమనవలెనని 2015లో యూరపు ఖండపు పోషణ వైద్యుల సంఘము నిర్వచించినది. శక్తి తగ్గినను సిరద్వారా పోషణ అక్కరలేనివారికి ఉన్నది వైఫల్యము కాదు, లోపము మాత్రమే. ఈ భేదమును ముందు గుర్తుంచుకొనుట మంచిది.

విశాఖవాసులకు ఇది ఓడరేవు మూలమున సులభముగా బోధపడును. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా ఓడ లోపలికి వచ్చి నిలిచినంత మాత్రమున అందలి సరకు ఊరికి చేరినట్లు కాదు. ఓడ నిలుచుటకు గట్టు కావలెను. గట్టుమీద క్రేనులు, బొగ్గును మోయు కన్వేయరు పట్టీలు, మనుష్యులు కావలెను. మనము తిన్న అన్నము కూడ అట్టిదే. అది కడుపులో నున్నంతసేపు శరీరమునకు వెలుపల నున్నట్లే లెక్క. ప్రేవు గోడ దాటి రక్తములో పడిన నాడే అది మనదగును. గట్టు పొడవు తగ్గినచో ఎన్ని ఓడలు వచ్చినను ప్రయోజన మేమి? ఉక్కు కర్మాగారములోని బ్లాస్టు ఫర్నేసు ఒకపూట బొగ్గు రాలేదని చల్లారి కూర్చుండజాలదు. శరీరమును అంతే, అది ముందుగా క్రొవ్వును, పిదప తన కండను తానే కాల్చుకొనును.

ఈ గట్టు ఎంత పొడవైనది? పెద్దవారిలో చిన్న ప్రేవు సుమారు 6 మీటర్లుండును. కాని కొందరిలో 3 మీటర్లే యుండవచ్చును, కొందరిలో 8 మీటర్లు కూడ ఉండవచ్చును. కనుకనే మంచి శస్త్రవైద్యుడు 'ఇంత తీసివేసితిని' అని కాక 'ఇంత మిగిలినది' అని కొలిచి వ్రాయును. గొట్టము లోపలి గోడ నునుపుగా నుండక ముడుతలు పడియుండును. ఆ ముడుతలమీద ముఖమలు గుడ్డ నూగువలె ఆంత్రచూషకములను సన్నని మొలకలు, ఒక్కొక్కటి మిల్లీమీటరు పొడవైనను లేనివి, కిక్కిరిసియుండును. వాటిమీది ప్రతి కణమునకు మరల సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడు నూగు కలదు. ఈ తలమంతయు పరచినచో టెన్నిసు మైదానమంత యుండునని పూర్వము పాఠములలో చెప్పెడివారము. 2014లో స్వీడను దేశపు పరిశోధకులు మరల లెక్కవేసి అది సుమారు 30 చదరపు మీటర్లే యని తేల్చిరి. టెన్నిసు మైదానము పోయి రెండు పెద్ద గదులు మిగిలినవి! అయినను ఒక మనిషి పొట్టలో రెండు గదుల నేల ఇమిడియుండుట చిన్న విషయము కాదు.

ఈ తలము ఒకసారి కట్టి వదలివేసినది కాదు. ఆంత్రచూషకముల మొదళ్ళలో క్రొత్త కణములు పుట్టి, మెట్లెక్కినట్లు పైకి ప్రాకి, కొనకు చేరి రాలిపోవును. మూడునుండి అయిదు దినములలో పాత కణముల స్థానమున క్రొత్తవి వచ్చును. ఈ సంగతి ముందు ముందు మనకు అవసరమగును.

గట్టంతయు ఒకేవిధమైన సరకును దింపుకొనదు. ఆంత్రమూలమును ఇనుము, కాల్షియము ఎక్కువగా గ్రహించును. దాని తరువాతి జెజునము చక్కెరలను, మాంసకృత్తుల తునియలైన ఎమినో ఆమ్లములను, క్రొవ్వులను, ఫోలిక్ ఆమ్లమును తీసికొనును. చివరి భాగమైన శేషాంత్రము బి12 విటమినును, పైత్యరసములోని లవణములను గ్రహించును. ఈ రెండు పనులను మరి ఏ భాగమును నేర్చుకొనజాలదు. పెద్ద ప్రేవు నీటిని, ఉప్పును పిండుకొనును.

ఇక నీటి లెక్క. ఒక దినమున మనము త్రాగునది, తినునది కలిసి సుమారు 2 లీటర్ల నీరు. దీనికి లాలాజలము, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ప్రేవు స్వయముగా ఊరించు రసము కలియగా చిన్న ప్రేవు గుండా నడచునది 8 లేక 9 లీటర్లగును. అనగా ఒక బిందె నిండ నీరు! ఇందులో పెద్ద ప్రేవునకు చేరునది లీటరు, లీటరున్నర. మలముతో బయటికి పోవునది 100 లేక 200 మిల్లీలీటర్లు మాత్రమే. అట్టిది జెజునమును పొట్టమీదికి తెరచినచో ఏమగునో ఊహింపుడు. తరువాత పీల్చుకొనవలసిన శేషాంత్రమును, పెద్ద ప్రేవును దారిలోనే లేవు. పైన ఊరిన రసములన్నియు సంచిలో పడును. మనిషి నోటితో త్రాగినదానికంటె సంచిలోనికి వచ్చునది ఎక్కువ కావచ్చును.

విద్యార్థి ప్రశ్నకు సమాధానము ఇక్కడనే కలదు. జెజునపు గోడ వదులుగా అల్లిన బుట్టవంటిది. నీరును ఉప్పును దానిగుండా ఇరువైపులకు సులభముగా పోవును. లోపలికి వచ్చిన ద్రవములో లీటరుకు సుమారు 90 మిల్లీమోలుల కంటె తక్కువ సోడియము ఉన్నచో, సోడియము రక్తమునుండి ప్రేవులోనికి జారును. దాని వెంట నీరును పోవును. ఉత్త మంచినీటిలో సోడియము లేనట్లే. తేనీటిలోను, కాఫీలోను అంతే. కొబ్బరినీటిలో పొటాషియము ఎక్కువ, సోడియము చాల తక్కువ. చక్కెర దట్టించిన పానీయములైనచో అవి తమ చిక్కదనముచేత నీటిని మరింతగా లాగికొనును. కనుక ఆ తండ్రి గ్లాసెడు నీరు త్రాగినపుడెల్ల గ్లాసెడు నీటితోపాటు తన ఒంటి ఉప్పును కూడ సంచిలో వదలుచుండెను. ఉప్పు పోగా దాహము పెరిగెను. దాహము పెరుగగా మరల నీరు త్రాగెను. కొబ్బరినీరు చలువ, ఒంటికి మంచిది అని మనమందరము నమ్మినదే. ప్రేవు సరిగానున్నవారికి అది నిజము కూడ. ఇచ్చట మాత్రము అదే హాని చేసినది.

మరి ఏమి త్రాగవలెను? 1960లో ప్రాగు నగరమున జరిగిన యొక శాస్త్రసభలో రాబర్టు క్రేను అను అమెరికా జీవరసాయనజ్ఞుడు ఒక పటము గీచి చూపెను. ప్రేవు కణపు గోడలో గ్లూకోజును లోనికి దాటించు ద్వారమొకటి కలదు. అది సోడియముతో కూడినగాని గ్లూకోజును రానీయదు. దీనిని తిరుగవేసి ఆలోచించినచో, గ్లూకోజు తోడున్నపుడు సోడియము లోనికి పోవును, వాని వెంట నీరును పోవును. కలరా రోగులకు ఇచ్చు ఉప్పు-చక్కెర ద్రావణమునకు పునాది ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములలో కలరా చెలరేగినపుడు, పశ్చిమ బెంగాలులోని బన్గావ్‌లో డాక్టరు దిలీప్ మహలనబీస్ సిరలోనికి ఎక్కించు ద్రవములు చాలక, ఈ ద్రావణమును డ్రమ్ములలో కలిపించి రోగుల బంధువులచేతనే త్రాగించి వేలమందిని బ్రతికించెను.

పొట్టి ప్రేవు రోగులకు వైద్యులిచ్చు ద్రావణమును ఇట్టిదే. లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా బైకార్బొనేటు. ఉప్పును సోడాను మోలులలోనికి మార్చి కూడినచో సోడియము సరిగా 90 మిల్లీమోలులు వచ్చును. నా విద్యార్థులచేత ఈ లెక్క చేయించితిని. దీనిని దినమంతయు కొద్దికొద్దిగా త్రాగుచు, ఉత్త నీరు మొదలగువానిని అర లీటరుకో లీటరుకో కట్టడి చేయుదురు. అయితే ఇది అందరికి పనికివచ్చు పానీయము కాదు. రక్తపుపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారికి ఇంత ఉప్పు హాని. పొట్టి ప్రేవు వారైనను తమ వైద్యుడు చెప్పిన కొలతనే వాడవలెను.

ప్రేవు ఇట్లు పోవుటకు కారణములు పలు. పసివారిలో కొందరికి పుట్టుకతోనే ప్రేవు కొంత మూసికొనియుండును. కొందరికి అది మెలితిరిగి నలిగిపోవును. నెలలు నిండక పుట్టినవారిలో ప్రేవు గోడ కుళ్ళు వ్యాధి యొకటి కలదు. పెద్దవారిలో క్రోను వ్యాధికై మాటిమాటికి కోయుట, ప్రమాదములు, క్యాన్సరుకిచ్చిన కిరణ చికిత్స కారణములగుచుండును. మన దేశములో పెద్దవారి విషయమున ముఖ్యముగా చెప్పవలసినది ప్రేవునకు రక్తము తెచ్చు నాళము మూసికొనిపోవుట. గుండె లయ తప్పినవారిలో అక్కడ ఏర్పడిన గడ్డ కొట్టుకొనిపోయి ఈ నాళములో చిక్కుకొనవచ్చును. పొగత్రాగుట, చక్కెరవ్యాధి మున్నగువానిచేత నాళము క్రమముగా పూడిపోవచ్చును. దీని లక్షణమొకటి గమనింపదగినది. నొప్పి అకస్మాత్తుగా, భరింపరానంతగా వచ్చును. కాని పొట్టను నొక్కి చూచినపుడు మొదట మెత్తగానే యుండును. అందుచేత గాస్ అనియు, అజీర్ణమనియు తలచి సోడా త్రాగి పడుకొనువారున్నారు. రక్తము అందని ప్రేవు కొన్ని గంటలలోనే చచ్చును. ఆ గంటలలో ఆసుపత్రి చేరినవారికి నాళములోని గడ్డను తీసి ప్రేవును దక్కించుట సాధ్యము కావచ్చును. మరునాడు చేరినవారికి కోయుట తప్ప గతిలేదు.

ఎంత మిగిలిన చాలును? 2 మీటర్లకంటె తక్కువ మిగిలినచో దానిని పొట్టి ప్రేవు అందురు. జెజునము పొట్టమీద తెరచుకొని, పెద్ద ప్రేవు దారిలో లేనిచో, సుమారు 100 సెంటీమీటర్లయినను లేనిదే సిరపోషణ లేక బ్రతుకుట కష్టము. జెజునమును పెద్ద ప్రేవుతో కలిపినచో 60 సెంటీమీటర్లతోను, శేషాంత్రపు చివర కూడ మిగిలియున్నచో 35 సెంటీమీటర్లతోను నెట్టుకొని రాగలవారున్నారు. పెద్ద ప్రేవు ఇంత ఉపకారము చేయుట ఆశ్చర్యకరము. అది నీటిని పీల్చుకొనుటయే కాదు. చిన్న ప్రేవులో గ్రహింపబడక జారిపోయిన పిండిపదార్థమును అందలి సూక్ష్మజీవులు పులియబెట్టి చిన్న చిన్న క్రొవ్వు ఆమ్లములుగా మార్చును. వాటిని పెద్ద ప్రేవు గ్రహించి దినమునకు 1000 కెలోరీల వరకు శక్తిని సంపాదించి పెట్టగలదు. మనము ఎన్నడును గౌరవింపని భాగమిది! అట్టివారికి అన్నము, గంజి వంటి పిండిపదార్థములు ఎక్కువగను, నూనె తక్కువగను పెట్టుదురు. పాలకూర, చుక్కకూర తగ్గింపుమందురు. కారణము రసాయనమే. గ్రహింపబడని క్రొవ్వు కాల్షియమును పట్టుకొనిపోగా, ఆ కూరలలోని ఆక్సాలిక్ ఆమ్లము జతలేక రక్తములో చేరి మూత్రపిండములలో రాళ్ళుగా పేరుకొనును.

మిగిలిన ప్రేవు ఊరకుండదు. దానిలోని ఆంత్రచూషకములు పొడవెక్కును, గొట్టము లావెక్కును. ఈ సర్దుబాటు ఒకటి రెండేండ్లు సాగును. కాని దానికొక నిబంధన కలదు: లోపల ఆహారము నడువవలెను. సిరలో పోషణ అందుచున్నది గదా యని నోరు కట్టివేసినచో ఆంత్రచూషకములు క్షీణించును. అందుచే ఎంత కొద్దిగానైనను నోటితో తినిపింతురు.

ప్రేవు పొడవు తగ్గకయే పని తగ్గు వ్యాధులును కలవు. వాటిలో మన తెలుగువారి చరిత్రలో చోటుచేసికొన్నది ఒకటి కలదు. దానిని ఆంగ్ల వైద్యులు స్ప్రూ అనిరి. మనవారు గ్రహణి అని, సంగ్రహణి అని పిలిచిన విరేచన వ్యాధులలో ఇదియు కలసియుండెను. గ్రహణి యను మాటకు గ్రహించునది యని అర్థము. అన్నమును పట్టి యుంచి పక్వమైన పిదప విడుచు స్థానమునకు చరక సంహిత ఈ పేరు పెట్టినది. ఆ స్థానము చెడుటయే వ్యాధి. పేరులోనే రోగ నిర్ణయ మున్నది.

ఉష్ణదేశపు స్ప్రూలో రోగికి నెలల తరబడి జిడ్డు విరేచనములు, నాలుక పూత, రక్తహీనత, ఎముకలు తేలిన శరీరము కనబడును. సూక్ష్మదర్శినిలో చూచినచో ఆంత్రచూషకములు కొట్టివేసిన పైరువలె కురచగా నుండును. 1960 ప్రాంతములలో మన సరిహద్దునకు ఆవలి ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెలలో ఇది ఊరూర అంటువ్యాధివలె వ్యాపింపగా, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన బేకరు, మాథన్ అను వైద్యులు ఆ పల్లెలకే పోయి దానిని పరిశోధించిరి.

దీనికి మందు కథ భీమవరములో మొదలగును. 1895 జనవరి 12న అచట పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు కొద్దిదినముల తేడాలో స్ప్రూ చేతనే మరణించిరి. మద్రాసులో వైద్యము చదువుచుండిన సుబ్బారావుగారికి కూడ ఈ వ్యాధి సోకినది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన కోలుకొనిరి. ఆనాటి పాశ్చాత్య వైద్యమునకు ఈ రోగమునకు సరియైన మందే తెలియదు. ఖద్దరు కట్టినందున ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, యం.బి.బి.యస్.కు బదులు దానికంటె తక్కువదైన యల్.యం.యస్. పట్టముతో బయటపడి, అమెరికా చేరి హార్వర్డులో జీవరసాయనము చేపట్టెను. 1940లో లెడర్లీ అను ఔషధ సంస్థలో చేరి, అచట పరిశోధన శాఖకు అధిపతి ఆయెను.

అప్పటికి తెలిసినదేమనగా, కాలేయములోను, ఈస్టులోను రక్తహీనతను మాన్పు పదార్థమేదో కలదు. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, అచటి బట్టల మిల్లులలో పనిచేయు గర్భవతుల రక్తహీనత చవుకయైన ఈస్టు సారముతో కుదురుటను చూచి 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలోని టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర జాతి ఆకునుండి చిటికెడు పదార్థమును తీసి, ఆకునుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. నాలుగు టన్నుల ఆకునకు చిటికెడు వచ్చు మందు రోగులకు ఎట్లు చాలును? దాని నిర్మాణమును తెలిసికొని, ప్రయోగశాలలో తయారుచేసినది సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన లెడర్లీ బృందము. ఆ వార్త 1945లో వెలువడినది. వెనువెంటనే టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూడగా, నాలుక పుండ్లు మానెను, రక్తము పెరిగెను, ఆకలి పుట్టెను.

ఇది ఎట్లు పనిచేసినది? ప్రేవు కణములు మూడు నుండి అయిదు దినములకొకసారి మారునని చెప్పియుంటిని గదా. క్రొత్త కణము పుట్టవలెనన్నచో దాని కేంద్రకములోని డి.యన్.ఏ.ను నకలు వ్రాయవలెను. దానికి ఫోలిక్ ఆమ్లము కావలెను. ఫోలిక్ ఆమ్లమును గ్రహించునది జెజునము. జెజునము చెడినచో ఫోలిక్ ఆమ్లము రాదు. అది రానిచో జెజునమునకు క్రొత్త కణములు లేవు. ఈ విషవలయమును ఒక చిన్న పసుపుపచ్చని బిళ్ళ త్రెంచివేయును. నేటికిని స్ప్రూకు వైద్యులు దినమునకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లమును, ప్రేవులో పాతుకొనిన సూక్ష్మజీవులకై టెట్రాసైక్లిను అను మందును కొన్ని నెలలపాటు ఇచ్చుచున్నారు. ఆ టెట్రాసైక్లిను జాతిలో మొదటిదైన ఆరియోమైసిను కూడ లెడర్లీలో, సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నున్నపుడే, డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞునిచేత కనుగొనబడి 1948లో ప్రకటింపబడినది. సోదరుల నిరువురిని కబళించిన వ్యాధికి రెండు మందులును ఆయన ఏలుబడిలోని ప్రయోగశాలనుండియే వచ్చినవి. ఆ సంవత్సరము ఆగస్టులో ఆయన మరణించిరి.

ఒక హెచ్చరిక మాత్రము చెప్పవలెను. బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లము ఒక్కటే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లే కనబడుచు వెన్నుపాములోని నాడులు లోలోపల చెడిపోవును. శేషాంత్రము పోయినవారికి బి12ను సూదిద్వారా ఇచ్చుట ఇందుచేతనే.

బిళ్ళలతో కుదురని వైఫల్యమునకు సిరద్వారా పోషణ తప్పదు. 'గ్లూకోజు ఎక్కించిన బలము వచ్చును' అని మన పల్లెలలో గట్టి నమ్మకము. లెక్క చూడుడు. అర లీటరు సీసాలో నూటికి 5 వంతుల గ్లూకోజు ఉన్నచో అది 25 గ్రాములు. దాని శక్తి సుమారు 85 కెలోరీలు. రెండు ఇడ్లీలకు మించదు. ఉత్త సెలైనులో అదియు లేదు. ఈ సీసాలతోనే మనిషిని పోషింపవలెనన్నచో దినమునకు పది లీటర్లు ఎక్కింపవలెను; గుండె, మూత్రపిండములు తట్టుకొనవు. పోనీ, చిక్కని ద్రావణము నిత్తమన్నచో చేతిలోని సన్నని సిరలు కాలినట్లు వాచి మూసికొనిపోవును.

ఈ చిక్కును విప్పినది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములోని స్టాన్లీ డడ్రిక్ అను యువ శస్త్రవైద్యుడు. జత్రుక యెముక క్రిందనున్న సిరగుండా సన్నని గొట్టమును గుండె దగ్గరి మహాసిర వరకు దూర్చినచో, అక్కడ నిమిషమునకు సుమారు 2 లీటర్ల రక్తము పారుచుండును. చిక్కని ద్రావణము క్షణములో పలుచబడును. ఆయన మొదట కుక్కపిల్లలను నోటికి ఏమియు పెట్టక ఇట్లే పోషించి, నోటితో తినిన వాటి తోబుట్టువులతో సమానముగా పెంచెను. 1967లో చిన్న ప్రేవు దాదాపు లేకయే పుట్టిన పసిపాప కిదే చేసిరి. ఆ పాప దాదాపు 22 నెలలు జీవించినది. ప్రేవు లేక మనిషి పెరుగుట అదే మొదలు. ఇందులో ఇచ్చు క్రొవ్వును సోయాబీను నూనెనుండి పాలవలె తెల్లని ద్రవముగా చేసినవాడు స్వీడను దేశపు రెట్లిండ్. 1970 తరువాత రోగులు ఇంటియొద్దనే, రాత్రి నిద్రించు సమయమున, దీనిని ఎక్కించుకొనుట నేర్చిరి.

ఇచ్చట మరల సుబ్బారావుగారు మనకు ఎదురగుదురు. చాలదినములు పస్తులున్నవానికి ఒక్కసారిగా పోషణ ఇచ్చినచో ప్రాణము పోవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము చెరలనుండి విడివడినవారిలో కొందరు అన్నము దొరికిన పిదప మరణించిరి. కారణమేమన, గ్లూకోజు కణములలో చొరబడినపుడు రక్తములోని ఫాస్ఫేటును వెంట తీసికొనిపోవును; ఎ.టి.పి. అను శక్తి నాణెమును ముద్రించుటకు ఫాస్ఫేటు లేనిదే కుదరదు. రక్తములో ఫాస్ఫేటు అడుగంటగా గుండె, శ్వాస కండరములు సొమ్మసిల్లును. రక్తములోని ఫాస్ఫేటును నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు 1925లో ప్రకటించిరి. నా విద్యార్థులు నేటికిని ఆ పద్ధతిని పరీక్షనాళికలో చేయుదురు. ఎ.టి.పి.ని 1929లో వేరుచేసినవారిలోను ఆ ఇరువురు కలరు. అందుచే సిరపోషణను కొద్దిగా మొదలుపెట్టి, ఫాస్ఫేటును కొలుచుచు, థయమిను విటమినును ముందుగా ఇచ్చి, మెల్లగా పెంచుదురు.

సిరపోషణ వరమే కాని నిరపాయము కాదు. గొట్టము గుండెకు తెరచిన దారివంటిది. ఒక్క సూక్ష్మజీవి దూరినను రక్తమంతయు విషమగును. గొట్టమును తాకుటకు ముందు చేతులు శుభ్రపరచుకొను విధమును ఇంటివారికి నేర్పుటలోనే వైద్యము సగము కలదు. ఏండ్లు గడచినకొద్ది కాలేయము చెడవచ్చును. గొట్టము పెట్టిన సిరలు మూసికొనిపోవచ్చును. ఇక ఖర్చు. మన దేశములో ఇంటియొద్ద సిరపోషణ చాల కుటుంబములకు అందనిదిగానే యున్నది. అందుచే ఎంత వీలైన అంత త్వరగా ప్రేవును మరల పనికి పెట్టుటయే ఇచ్చటి వైద్యుల యత్నము.

ప్రేవు పెరుగుదలను ప్రోత్సహించు హార్మోనును అనుకరించు టెడుగ్లూటైడు అను మందు 2012లో అమెరికాలోను యూరపులోను ఆమోదము పొందినది. దినమునకొక సూది, వెల మిక్కిలి ఎక్కువ. వెడల్పయిన ప్రేవును అటొకసారి ఇటొకసారి సగమువరకు కోసి, మెలికల దారిగా కుట్టి, పొడవు పెంచు శస్త్రచికిత్సను 2003లో బోస్టనులో కనిపెట్టిరి. ఇవేవియు చాలక, కాలేయము చెడుటయో, గొట్టమునకు సిరలు మిగులకపోవుటయో సంభవించినపుడు ప్రేవు మార్పిడి. 1988 ప్రాంతమున మొదటి విజయములు కలిగినవి. ప్రేవు గోడనిండ రోగనిరోధక కణము లుండుటచేత క్రొత్త శరీరముతో దాని పోరు మూత్రపిండముకంటె ఉగ్రముగా నుండును. టాక్రోలిమస్ అను మందు వచ్చిన పిదపనే ఇది వైద్యముగా నిలిచినది. దాత శరీరమునుండి తీసిన ప్రేవు మంచుమీద కొన్ని గంటలే నిలుచును. మన దేశములోను కొన్ని ఆసుపత్రులలో ఈ మార్పిడి జరుగుచున్నది.

ఆ కళాసీకి ఇంత దూరము పోవలసిన పని కలుగలేదు. ఆయనకు మిగిలిన జెజునము 80 సెంటీమీటర్లు. సంచి యున్నంత కాలము అది చాలదు. పెద్ద ప్రేవుతో కలిపినచో చాలవచ్చును. ఈలోగా ఉత్త నీరు, కొబ్బరినీరు తగ్గించి ఉప్పు-గ్లూకోజు ద్రావణము మొదలుపెట్టగా సంచిలో పడునది పది దినములలో సగమునకు దిగినది. రాత్రులు సిరపోషణతో బరువు కొంత పెరిగిన పిమ్మట, ఆరవ నెలలో రెండు మొనలను కలిపి కుట్టిరి. సిరలోని గొట్టమును సంక్రాంతికి ముందు తీసివేసిరి. మొన్న వాని ఇంటికి పోయినపుడు ఆయన వరండాలో కూర్చుండి, చిన్న తక్కెడలో ఉప్పు తూచుచు, "నీళ్లు తాగొద్దంటే మొదట నవ్వొచ్చిందండి మాస్టారూ" అనెను. కుమారుడు లోపలినుండి లీటరు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టెను.